ఉన్న లైన్లకే ఆర్డర్లు లేవు, మళ్ళీ కొత్త లైన్ పెడుతున్నారు. ఓవర్ కెపాసిటీ ఎందుకు తగ్గదు?

ఫిల్మ్‌లైన్:
అందరికీ నమస్తే. ప్యాకింగ్‌కి వాడే ప్లాస్టిక్ ఫిల్మ్ చేసే ప్లాంట్‌లో ప్రొడక్షన్ ప్లానింగ్ చూస్తాను నేను. చాలాకాలంగా మా లైన్లు 60 శాతం దగ్గరే నడుస్తున్నాయి, కొన్ని నెలలు అదీ లేదు. పోటీ కంపెనీల్లోనూ ఇదే పరిస్థితని మా సేల్స్ వాళ్ళు చెప్తున్నారు. ముడిసరుకు పోగా మిగిలింది కరెంటుకీ జీతాలకీ సరిపోతే అదే పదివేలు అన్నట్టుంది. ఇలాంటి టైంలో మా వాళ్ళు ఉన్నవాటికన్నా వెడల్పైన కొత్త లైన్ ఒకటి బిగిస్తున్నారు, ఫౌండేషన్ అయిపోయింది, మెషీన్ దార్లో ఉంది.

నాకు రెండు విషయాలు అంతుపట్టట్లేదు. డిమాండ్ లేనప్పుడు అందరూ ఇంత కెపాసిటీ ఎలా కట్టేశారు అనేది ఒకటి. సరే కట్టేశారు, నష్టం వస్తున్నా ఎవరూ ఎందుకు మూయట్లేదు అనేది రెండోది. చదువుకున్నప్పుడు చెప్పిందేంటంటే సప్లై ఎక్కువైతే రేటు పడుతుంది, రేటు పడితే కొందరు మూసేస్తారు, మళ్ళీ సర్దుకుంటుంది అని. ఆ మూసేసే మెట్టు మాత్రం నాకెక్కడా కనపడట్లేదు. మీ మీ రంగాల్లో దీన్ని దగ్గర్నుంచి చూసినవాళ్ళు చెప్పండి.

గ్రిడ్:
ముందు ఒకటి తేల్చుకుందాం తమ్ముడూ. 60 శాతం అంటున్నావు, దేంట్లో 60? మెషీన్ అమ్మినవాడు రాసిచ్చిన టన్నుల్లోనా, లేక గ్రేడ్ మార్పులు, మెయింటెనెన్స్, క్లీనింగ్ అన్నీ తీసేశాక నిజంగా తీయగలిగిన దాంట్లోనా? ఈ రెంటికీ మధ్య చాలా తేడా ఉంటుంది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ నెలనెలా కెపాసిటీ యుటిలైజేషన్ లెక్క ఇస్తుంది కదా, వాళ్ళు కూడా కాగితం మీది గరిష్ఠాన్ని తీసుకోరు, మామూలు షిఫ్టులతో, మామూలు ఆగుళ్ళతో నిలకడగా తీయగలిగిన ఉత్పత్తినే కెపాసిటీ అంటారు. అలా లెక్కేసినా అక్కడ దీర్ఘకాలపు సగటు 80 శాతం దగ్గరే ఉంటుంది. 2009లో అది 67 చుట్టుపక్కలకి పడింది, 2020 ఏప్రిల్‌లో ఇంకా కిందికి పోయింది. అంటే 100 అనేది మామూలు పరిస్థితి కాదు, 80 ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టే.

మా కరెంటు రంగంలో అయితే కాస్త మిగులు లేకపోతేనే తప్పు. ఏడాదిలో ఎక్కువ లోడు పడే కొద్ది గంటల కోసం కూడా మెషీన్లు ఉండాలి, దానిమీద ఇంకొంత రిజర్వ్ ఉండాలి, ఉత్తర అమెరికాలో ఆ రిజర్వ్‌కి 15 శాతాన్ని కొలబద్దగా వాడతారు. కాబట్టి కెపాసిటీ మిగిలి ఉండటం వేరు, మిగిలిపోయి కుళ్ళిపోవటం వేరు. నీది ఏ రకమో ముందు చూడు.

ఫిల్మ్‌లైన్:
> దేంట్లో 60?

నిజంగా తీయగలిగిన దాంట్లోనే అన్నా. గ్రేడ్ మార్పులకి, షట్‌డౌన్లకి అన్నీ తీసేసి మేమే పెట్టుకున్న అంకె మీద 60. మెషీన్ వాడిచ్చిన టన్నుల మీద చూస్తే ఇంకా తక్కువ.

లెక్కలు:
కాస్ట్ అకౌంట్స్ మనిషిని, రెండో ప్రశ్నకి నేను చెప్తాను. అంకెలు ఊరికే అర్థం కావటానికి వేస్తున్నా. కిలో ఫిల్మ్ 100కి అమ్ముడుపోతోంది అనుకో. ముడిసరుకు, కరెంటు, ప్యాకింగ్ కలిపి 85. జీతాలు, వడ్డీ, తరుగుదల, ఇన్సూరెన్స్ లాంటివి కిలోకి 25 పడుతున్నాయి. మొత్తం 110, కిలోకి 10 నష్టం. మూసేద్దామా? మూస్తే ముడిసరుకు ఖర్చు ఆగుతుంది గానీ ఆ 25లో చాలాభాగం ఆగదు, బ్యాంకువాడు వడ్డీ ఆపడు కదా. నడిపితే 10 పోతుంది, ఆపితే 25 దాకా పోతుంది. కాబట్టి నడుపుతారు. రేటు 100 నుంచి 90కి పడినా సరే నడుపుతారు, ఎందుకంటే 85 మీద ఎంతొచ్చినా అది వడ్డీకి పనికొస్తుంది. రేటు 85 కిందికి పోతే తప్ప ఆపాలనే ఆలోచనే రాదు. అందరూ ఇదే లెక్క వేసుకుంటారు, ఎవరి లెక్కా తప్పు కాదు, అందరూ కలిపి రేటుని ఆ 85 దగ్గరికి తోసేస్తారు, అక్కడే ఏళ్ళతరబడి కూర్చుంటుంది.

ఇంకోటి, ఇది జాగ్రత్తగా చూడు. కొన్నిచోట్ల ఆర్డర్లు లేకపోయినా లైన్ నడిపి గోడౌన్ నింపుతారు. ఎక్కువ టన్నులు తీస్తే ఫిక్స్‌డ్ ఖర్చు టన్నుకి తక్కువ పడ్డట్టు కనిపిస్తుంది, అందులో కొంత స్టాక్ విలువలోకి పోయి కూర్చుంటుంది, ఆ క్వార్టర్‌లో లాభం బాగుంటుంది. ప్లాంట్ మేనేజర్ బోనస్ టన్నుల మీద ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. అసలు అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 2 ఏం చెప్తుందంటే ఫిక్స్‌డ్ ఓవర్‌హెడ్‌ని మామూలు కెపాసిటీ ప్రకారమే సరుకు మీద వేయాలి, లైన్ ఖాళీగా ఉన్నందువల్ల మిగిలిపోయిన ఖర్చుని సరుకు మీద రుద్దకుండా ఆ ఏడాది ఖర్చుగానే చూపించాలి. ఉత్పత్తి మామూలుకన్నా బాగా ఎక్కువ తీస్తే టన్నుకి పడే ఓవర్‌హెడ్‌ని కూడా తగ్గించాలంటుంది. మరి ఆ మామూలు కెపాసిటీ అంకె ఎవరు పెడుతున్నారో, ఎప్పుడు పెట్టారో అడుగు.

ఫిల్మ్‌లైన్:
లెక్కలు గారూ, ఆపడం గురించి మీరు చెప్పినదానికి మా దగ్గర ఇంకో ముడి ఉంది. మా లైన్‌ని స్విచ్ వేసినట్టు ఆపి పెట్టలేం. ఎక్స్‌ట్రూడర్లో కరిగిన ప్లాస్టిక్ ఉంటుంది, ఆపితే లోపల మాడి నల్లబడుతుంది, డై విప్పి క్లీన్ చేయాలి. మళ్ళీ మొదలెట్టేటప్పుడు ఫిల్మ్‌ని పొడుగ్గా లాగి, తర్వాత రెండంచులనీ క్లిప్పులకి పట్టించి ఓవెన్‌లోంచి అడ్డంగా సాగదీస్తూ పంపాలి, అది మధ్యలో చిరిగితే మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాలి. మందం సమానంగా వచ్చి సరుకు అమ్మదగ్గదిగా అయ్యేలోపు వచ్చిందంతా స్క్రాపే. అందుకే వారం నడిపి వారం ఆపడం అనేది మా ఆపరేటర్లకి అస్సలు నచ్చదు. ఆర్డర్ లేకపోతే ఎవడో ఒకడికి తక్కువకి అమ్మేసైనా తిప్పుదాం అంటారు.

కొలిమి:
> స్విచ్ వేసినట్టు ఆపి పెట్టలేం

బ్లాస్ట్ ఫర్నేస్‌తో పోలిస్తే నీది చాలా నయం బాబూ. ఉక్కులో పనిచేసి రిటైరయ్యాను. ఫర్నేస్‌ని గాలి తగ్గించి కొన్నాళ్ళు నెమ్మదిగా ఉంచొచ్చు గానీ పూర్తిగా చల్లారితే లోపల ఇనుము గడ్డకట్టుకుపోతుంది, మళ్ళీ వెలిగించాలంటే పెద్ద యుద్ధమే. దాని ముందు బొగ్గుని కాల్చి కోక్ చేసే కోక్ ఓవెన్లు ఉంటాయి, వాటి ఇటుకలు చల్లారితే పగుళ్ళిస్తాయి. అందుకే ఉక్కువాళ్ళు మూయాలంటే వెయ్యిసార్లు ఆలోచిస్తారు.

ఓవర్ కెపాసిటీ అంటే ప్రపంచం మొత్తమ్మీద మొదట చెప్పుకునేది ఉక్కు గురించే. 2015లో ప్రపంచం తీసిన ముడి ఉక్కు 162 కోట్ల టన్నులు, అందులో సుమారు సగం ఒక్క చైనాదే. అప్పుడు ప్రపంచంలో ఉన్న ఫర్నేసులన్నిటి కెపాసిటీ ఆ ఉత్పత్తికన్నా 70 కోట్ల టన్నులు పైగా ఎక్కువని ధనిక దేశాల ఆర్థిక సంస్థ ఓఈసీడీ లెక్క. ఆ ఏడాది చైనా 11 కోట్ల టన్నులు పైగా బయటికి పంపింది. ఇంగ్లండులో రెడ్‌కార్ ప్లాంటు అదే ఏడాది అక్టోబర్లో మూతపడింది, కోక్ ఓవెన్లూ ఫర్నేసూ చల్లారిపోయాయి, ఇక తెరవలేదు. 2016లో హాంగ్‌జౌలో జీ20 దేశాలు కూర్చుని దీనికోసమే ఒక గ్లోబల్ ఫోరం పెట్టుకున్నాయి. చైనా కూడా ఐదేళ్ళలో 10 నుంచి 15 కోట్ల టన్నుల కెపాసిటీ తీసేస్తామని చెప్పి 2018 నాటికే అయిపోయిందంది. తీరా చూస్తే 2020లో దాని ఉత్పత్తి 100 కోట్ల టన్నులు దాటింది. పాతవి, చిన్నవి, ఎప్పుడో ఆగిపోయినవి లెక్కలోంచి పోతాయి, వాటి స్థానంలో వచ్చేది పెద్దదీ చవకదీ. 2024లో ఎగుమతులు మళ్ళీ 11 కోట్ల టన్నుల దగ్గరికొచ్చాయి. కెపాసిటీ తగ్గించాం అనే మాట విన్నప్పుడల్లా ఏది తగ్గింది, నడుస్తున్నదా ఆగినదా అని నేను ముందు అడుగుతాను.

కొనుగోళ్ళు:
అందరూ దీన్నో రోగంలాగా మాట్లాడుతున్నారు, నేను కొనేవైపు ఉన్నాను. సరుకు ఎక్కువుండి రేటు తగ్గితే కట్టేవాడికి, వండేవాడికి, వాడుకునేవాడికి అందరికీ మంచిదే కదా. కొరత ఉన్నప్పుడు మీ సేల్స్ వాళ్ళు ఫోన్లు కూడా ఎత్తరు, అలాట్‌మెంట్ అంటారు, అడ్వాన్స్ అంటారు. అప్పుడెవరూ థ్రెడ్ పెట్టరు.

లంగరు:
కొనుగోళ్ళు గారు చెప్పింది నిజమే గానీ దాని అవతలి కొస కూడా చూడండి. 2016 ఆగస్టు చివర్లో హాన్జిన్ షిప్పింగ్ చేతులెత్తేసింది, అప్పటికి ప్రపంచంలో ఏడో పెద్ద కంటైనర్ కంపెనీ. ఓడలు ఎక్కువైపోయి ఫ్రైట్ రేట్లు పాతాళంలో ఉన్నాయి, ఏళ్ళతరబడి కొనేవాళ్ళందరూ ఆ చవక రేట్లు అనుభవించారు. ఒక్కరోజులో పరిస్థితి మారిపోయింది. పోర్టు డబ్బులు ఎవరిస్తారో తెలీక రేవుల్లోకి రానివ్వలేదు, సుమారు 1400 కోట్ల డాలర్ల సరుకు సముద్రంలో ఇరుక్కుపోయింది. చవకగా ఎక్కించినవాళ్ళే తమ కంటైనర్ ఎక్కడుందో వెతుక్కున్నారు. సప్లయర్ నష్టానికి అమ్ముతున్నాడంటే మీరు వాడి అప్పు మీద బతుకుతున్నట్టు, అది ఏరోజు ఆగుతుందో మీకు తెలీదు.

ఇక మొదటి ప్రశ్న, అందరూ కలిసి ఇంత ఎలా కట్టేశారు అని. ఓడల్లో అది చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఓడ ఆర్డరు పెట్టాక చేతికి రావటానికి రెండుమూడేళ్ళు పడుతుంది. ఆర్డర్లు ఎప్పుడు పెడతారు? రేట్లు ఆకాశంలో ఉన్నప్పుడు, చేతిలో డబ్బున్నప్పుడు, బ్యాంకు పిలిచి అప్పిచ్చినప్పుడు. బల్క్ ఓడల అద్దెల్ని చూపించే బాల్టిక్ డ్రై ఇండెక్స్ 2008 మేలో 11,793కి ఎక్కింది, అదే ఏడాది డిసెంబర్లో 663కి పడింది. అలా ఎక్కిన రోజుల్లో పెట్టిన ఆర్డర్ల ఓడలు తర్వాతి మూడు నాలుగేళ్ళూ వరసగా నీళ్ళలోకి దిగుతూనే ఉన్నాయి, కావలసినవాళ్ళు లేకపోయినా.

ఇంతకన్నా పాతది 1970ల ట్యాంకర్ల కథ. 1973కి ముందు ఆయిల్ రవాణా పెరుగుతూనే పోతుందని భారీ ట్యాంకర్లకి ఎగబడి ఆర్డర్లిచ్చారు. ఆయిల్ షాక్ వచ్చింది. బాటిలస్ అని అయిదున్నర లక్షల టన్నులు మోసే ట్యాంకర్ 1976లో తయారై, చివర్లో పనిలేక లంగరు వేసుకుని ఉండి, 1985లో తుక్కుకి పోయింది. పదేళ్ళు కూడా నిండని ఓడ అది. మోయటానికి సరిపడా సరుకు లేదు.

ఫిల్మ్‌లైన్:
ఇది మాకు అచ్చుగుద్దినట్టు సరిపోతుంది లంగరు అన్నా. మాకొస్తున్న కొత్త లైన్‌కి అడ్వాన్స్ కట్టింది ఫిల్మ్ దొరక్క అందరూ ఎగబడిన రోజుల్లోనే. అదే టైంలో మా పోటీవాళ్ళూ కట్టారు. ఇలాంటి లైన్లు చేసేవాళ్ళు ప్రపంచంలో కొద్దిమందే, కాబట్టి క్యూ పొడుగు, అన్నీ ఇంచుమించు ఒకేసారి చేతికొస్తాయి.

ఒక్క డౌట్. మార్కెట్ పడిపోయాక కూడా ఆర్డర్ క్యాన్సిల్ చేయకుండా ఎందుకు కొనసాగిస్తున్నారు? అడ్వాన్స్ పోతుందనేనా?

లెక్కలు:
అడ్వాన్స్ ఒక్కటే కాదు. మీ కొత్త లైన్ వెడల్పు ఎక్కువ, స్పీడ్ ఎక్కువ, కానీ దాన్ని నడిపే మనుషులు ఇంచుమించు అంతమందే. కిలోకి కరెంటు తక్కువ, అంచులు కత్తిరించినప్పుడు పోయే వాటా తక్కువ. నేను పైన చెప్పిన 85, కొత్త లైన్ మీద 79 కావచ్చు. మార్కెట్ రేటు 85 దగ్గర ఇరుక్కున్నప్పుడు 79 ఉన్నవాడు బతుకుతాడు. కాబట్టి మార్కెట్‌లో సరుకు ఎక్కువగా ఉండటమే కొత్త లైన్ పెట్టడానికి కారణం అవుతోంది, వినటానికి తలకిందులుగా ఉంటుంది గానీ అదే జరుగుతుంది. మీ మేనేజ్‌మెంట్ ఆశ ఏంటంటే ఎవడో పాత లైన్లవాడు మూసుకుంటాడు, వాడి ఆర్డర్లు మనకొస్తాయి అని. అవతలివాళ్ళూ సరిగ్గా మిమ్మల్ని చూసి అదే అనుకుంటున్నారు.

సిలికాన్:
మెమరీ చిప్పుల్లో ఆ ఆశని చివరిదాకా లాగి చూశారు. డీరామ్ అనే మెమరీ చిప్పుల ఫ్యాక్టరీ, అంటే ఫ్యాబ్, కట్టడానికి వేల కోట్ల డాలర్లు, క్లీన్‌రూమ్ ఆపితే నష్టం ఎక్కువ, ఒకడి చిప్పుకీ ఇంకొకడి చిప్పుకీ కొనేవాడికి తేడా లేదు. అంటే రేటు తప్ప పోటీకి ఇంకేం లేదు. రేట్లు పడినప్పుడు కూడా కొత్త టెక్నాలజీలోకి పెట్టుబడి పెట్టినవాడే మిగిలాడు, కొంచెం ఆగి చూద్దాం అన్నవాడు పోయాడు. జర్మనీ కిమొండా 2009 జనవరిలో దివాలా తీసింది, జపాన్ ఎల్పిడా 2012 ఫిబ్రవరిలో. ఎల్పిడాని మైక్రాన్ కొనేసుకుంది. చివరికి శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ముగ్గురి చేతుల్లోకి మార్కెట్‌లో చాలాభాగం వచ్చింది.

ఒకటి గమనించండి, కంపెనీ పోయినంత మాత్రాన ఫ్యాబ్ పోదు. ఎల్పిడా హిరోషిమా ఫ్యాబ్ ఇప్పటికీ మైక్రాన్ చేతిలో నడుస్తోంది. దివాలా తీసిన ప్లాంటుని కొత్త ఓనరు తక్కువకి కొంటాడు, వాడికి పాత అప్పుల భారం ఉండదు కాబట్టి ఇంకా తక్కువకి అమ్మగలడు. అందుకే దివాలాలు చూసి ఇంక సరుకు తగ్గుతుందిలే అనుకోకూడదు. మిగిలినవాళ్ళు ముగ్గురే అయ్యాక మాత్రం ఉత్పత్తిని తగ్గించడం వీలైంది, 2023 ఏప్రిల్‌లో శాంసంగ్ కూడా మెమరీ తగ్గిస్తున్నామని బయటికి చెప్పింది. ఆ తర్వాత ఏఐ సర్వర్ల గిరాకీ వచ్చి 2025 చివరికల్లా మెమరీ కొరత, రేట్లు మంట. అదే పరిశ్రమ, మూడేళ్ళు కూడా కాలేదు.

ఎకనామిక్స్‌పిచ్చి:
ఇక్కడ ఇంకో కోణం ఉంది, ఎవరూ తేలేదు. ఒక్కోసారి ఎక్కువ కెపాసిటీ అంచనా తప్పినందువల్ల రాదు, కావాలనే కడతారు. నా దగ్గర ఇంత ఖాళీ ఉంది, నువ్వు ఈ మార్కెట్లోకి వస్తే తెల్లారేసరికి ముంచేస్తాను అని కొత్తవాడిని బెదిరించటానికి. మైకేల్ స్పెన్స్ 1977లో, అవినాష్ దీక్షిత్ 1980లో దీనిమీద రాసిన పేపర్లు ప్రసిద్ధం. దీక్షిత్ చూపించిన మెలిక ఏంటంటే ఆ బెదిరింపు నమ్మేలా ఉండాలి, వాడొచ్చాక కూడా నువ్వు నిజంగా ఆ కెపాసిటీని నడపటం నీకు లాభమైతేనే వాడు భయపడతాడు, లేకపోతే ఖాళీగా పెట్టిన మెషీన్ ఎవరినీ ఆపదు. దీనికన్నా చాలా ముందే 1945లో అమెరికాలో ఆల్కోవా అల్యూమినియం కేసులో జడ్జి లెర్నెడ్ హాండ్, డిమాండ్ రాకముందే మళ్ళీమళ్ళీ కెపాసిటీ పెంచుకుంటూ పోవటాన్ని గుత్తాధిపత్యానికి గుర్తుగా చూశారు.

గ్రిడ్:
ఆ థియరీ ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళున్న చోట బాగుంటుంది. ఫిల్మ్ లాంటి దాంట్లో చాలామంది ఉంటారు, మెషీన్ ఎవడైనా కొనుక్కోవచ్చు. అక్కడ బెదిరింపుకన్నా అందరూ ఒకే సిగ్నల్ చూసి ఒకేసారి పరిగెత్తటమే ఎక్కువ.

ఎండపలక:
ఒకే సిగ్నల్ అంటే సోలార్‌ని మించింది లేదు. సోలార్ పానెల్‌కి ముడిపదార్థం పాలీసిలికాన్, 2008లో స్పాట్ రేటు కిలో 400 డాలర్లు దాటింది. ఇంకేం, అందరూ ప్లాంట్లు కట్టారు, 2012 చివరికి 20 డాలర్ల కిందికొచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో జర్మనీ క్యూ-సెల్స్ దివాలా, అంతకుముందు ఏడాది అమెరికాలో సోలిండ్రా. మళ్ళీ 2021, 22ల్లో కొరత, కిలో 35 డాలర్లు పైకి, మళ్ళీ అందరూ కట్టారు, 2024కి ఒక అంకెలోకి పడిపోయింది. ప్రపంచం ఏడాదిలో బిగించిన పానెల్స్ 2024లో సుమారు 600 గిగావాట్లు అయితే తయారుచేయగల కెపాసిటీ 1000 గిగావాట్లు ఎప్పుడో దాటేసింది. పానెళ్ళు చేసే పెద్దపెద్ద చైనా కంపెనీలే ఆ ఏడాది నష్టాలు చూపించాయి.

కానీ కొనుగోళ్ళు గారి మాటకి నేను సగం ఓటేస్తా. ఆ మిగులే లేకపోతే పానెళ్ళు ఇంత చవక అయ్యేవి కావు, కరెంటు తీగ పోని చోట్ల కూడా ఈరోజు పానెల్ కనిపిస్తోందంటే దానికి ఎవడో ఒకడు నష్టపోయి కట్టిన ఫ్యాక్టరీ కారణం. ఇంటర్నెట్ కేబుళ్ళూ అంతే. ట్రాఫిక్ 100 రోజులకోసారి రెట్టింపవుతోందని 1990ల చివర్లో ప్రచారం చేసుకున్నారు, నిజంగా పెరిగింది ఏడాదికి రెట్టింపు, అదీ తక్కువేం కాదు, కానీ కట్టింది మాత్రం ఆ ప్రచారాన్ని నమ్మి. గ్లోబల్ క్రాసింగ్ 2002 జనవరిలో, వరల్డ్‌కామ్ అదే ఏడాది జులైలో దివాలా. వెలిగించకుండా వదిలేసిన ఫైబర్ మీదే తర్వాత వీడియోలన్నీ పారాయి. తేడా ఏంటంటే ఫైబర్‌కి రోజూ ముడిసరుకు అక్కర్లేదు, భూమిలో అలా పడుంటుంది. అవసరం పెరిగేదాకా ఆగగలదు. ఉక్కు ఫర్నేస్ ఆగలేదు.

షిఫ్ట్‌సి:
అన్నలూ, మూస్తే సర్దుకుంటుంది, పాతవి పోవాలి, ఇలా ఇంతసేపు మాట్లాడుతున్నారు. ఆ పాత లైన్ మీద పనిచేసేది నాలాంటివాళ్ళం. మేనేజ్‌మెంట్‌కి అది బ్యాలెన్స్ షీట్లో ఒక లైన్, మాకు పద్దెనిమిది ఇరవయ్యేళ్ళ సర్వీసు. మూయట్లేదేం అని అడుగుతున్నారు కదా, ఒక కారణం ఇది కూడా, మూస్తే ఊరంతా రోడ్డున పడుతుందని ప్రభుత్వాలకి తెలుసు. అందుకే బ్యాంకులకి చెప్పి అప్పు పొడిగిస్తారు, కరెంటు రాయితీ ఇస్తారు. దాన్ని మీరు తప్పంటే నేనొప్పుకోను. తప్పు కట్టినప్పుడు జరిగింది, శిక్ష మాత్రం మాకు.

కొలిమి:
షిఫ్ట్‌సి చెప్పింది ఉక్కు చరిత్ర నిండా ఉంది. యూరప్‌లో 1970ల చివర్లో ఇదే సమస్య, ప్రతి దేశం తన ఉక్కు కంపెనీకి డబ్బు పోసింది, ప్రతి దేశమూ పక్కదేశం మూయాలని చూసింది. చివరికి 1980 అక్టోబర్‌లో స్పష్టమైన సంక్షోభం అని ప్రకటించి కంపెనీకింత అని ఉత్పత్తి కోటాలు పెట్టారు, దావిన్యోన్ ప్లాన్ అంటారు. సాయం కావాలంటే కెపాసిటీ తీసేయాలి అనే షరతు పెట్టారు. 1988 దాకా కోటాలు నడిచాయి. లక్షల ఉద్యోగాలు పోయాయి, అది నిజం. కానీ ముందస్తు పెన్షన్లకి, మళ్ళీ ట్రైనింగ్‌కి ఉమ్మడి డబ్బు కూడా కేటాయించారు. ఎవడి ఫర్నేస్ ఎప్పుడు చల్లారుతుందో తెలియకుండా ఉన్నదానికన్నా అది మేలని నా అభిప్రాయం. ట్యాంకర్లు పడిపోయాక జపాన్ కూడా ఓడల యార్డుల కెపాసిటీని 1979, 80ల్లో అందరూ కలిసి సుమారు 35 శాతం కోసేసుకునేలా చేసింది. ఎవడికివాడు మూయమంటే ఎవడూ మూయడు. అందరూ ఒకేసారి, పెద్దవాడు పెద్దవాటా, చిన్నవాడు చిన్నవాటా అంటేనే కదులుతుంది.

కొనుగోళ్ళు:
అందరూ కూర్చుని ఉత్పత్తి తగ్గించుకుందాం అంటే దాన్ని కార్టెల్ అంటారు సార్. ప్రభుత్వం చేస్తే ప్లాన్, కంపెనీలు చేస్తే జైలు.

ఎకనామిక్స్‌పిచ్చి:
అవును, అందుకే కంపెనీలు మాట్లాడుకోకుండా చట్టబద్ధంగా చేయగలిగింది విలీనం ఒక్కటే. ఒకే ఓనర్ కింద రెండు ప్లాంట్లుంటే ఖర్చు ఎక్కువున్నది మూయటం వాడికే లాభం, ఎందుకంటే మూసినందుకు పెరిగిన రేటు వాడి రెండో ప్లాంట్‌కే వస్తుంది. విడివిడిగా ఉంటే మూసినవాడికి నష్టం, పక్కవాడికి లాభం. సిలికాన్ చెప్పిన మెమరీలో చివరికి జరిగిందిదే. అయితే ఆ తర్వాత రేట్లు ఎవరు చూసుకుంటారనేది కొనేవాళ్ళు భయపడాల్సిన విషయమే, అందులో మీతో ఏకీభవిస్తా.

ఫిల్మ్‌లైన్:
చాలా విషయాలు తెలిశాయి అందరికీ థాంక్స్. ఈరోజు మా ప్లాంట్ హెడ్‌ని అడిగాను. కొత్త లైన్ మొదలయ్యాక అన్నిటికన్నా పాత లైన్‌ని స్టాండ్‌బైలో పెడతాం, డిమాండ్ వస్తే తిప్పుతాం అన్నారు. వినటానికి బానే ఉంది. మీరేమంటారు?

కొలిమి:
స్టాండ్‌బై అంటే నిజంగా ఏంటో అడుగు. గేర్‌బాక్సుల్లో ఆయిల్ ఎవరు మారుస్తారు, ఓవెన్ గొలుసుకీ క్లిప్పులకీ గ్రీజు ఎవరు వేస్తారు, తిప్పటానికి మనుషుల్ని రోస్టర్లో ఉంచుతారా లేదా. వీటికి బడ్జెట్ రాసి ఉంటే అది స్టాండ్‌బై. లేకపోతే దాని స్పేర్లు ఒక్కొక్కటే పక్క లైన్‌కి పోతాయి, కొన్నాళ్ళకి అది షెడ్డులో నిలబెట్టిన తుక్కు. ఇంకో సంగతి, పెద్ద కొనుగోలుదార్లకి ఏ ప్లాంట్‌లో ఎన్ని లైన్లు ఆగి ఉన్నాయో తెలుస్తుంది. ఆగిన లైన్ కనిపిస్తున్నంతకాలం మీరు రేటు పెంచుతామంటే నమ్మరు.

కొనుగోళ్ళు:
నూటికి నూరుపాళ్ళు నిజం. రేటు మాట్లాడే ముందు మేం చూసేది అదే.

లెక్కలు:
నువ్వు ప్లానింగ్‌లో ఉన్నావు కాబట్టి ఒక పని చెయ్యి. లైన్ల వారీగా ఒక్కో గ్రేడ్‌కీ కిలోకి ముడిసరుకు, కరెంటు, స్క్రాప్ ఎంతో తీయి, తరుగుదల, వడ్డీ కలపకుండా. అందరిలాంటి మామూలు ఫిల్మ్‌ని పాత లైన్ మీద తీసి ఆ ఖర్చుకన్నా తక్కువకి అమ్ముతున్న టన్నులు ఎన్నో బయటపడతాయి. ఆ టన్నుల వల్ల 60 శాతం అంకె అందంగా కనిపిస్తోంది గానీ డబ్బు పోతోంది. వాటిని ఆపి, పాత లైన్‌ని చిన్నచిన్న ఆర్డర్లకి, ప్రత్యేక మందాలకి, ఎక్కువ గ్రేడ్ మార్పులున్న పనికి వాడుకోవచ్చేమో చూడు. వెడల్పైన కొత్త లైన్ మీద గ్రేడ్ మారిస్తే పోయే స్క్రాప్ చాలా ఎక్కువ, కాబట్టి చిన్న ఆర్డర్లకి పాతదే చవక కావచ్చు. దానికి గిరాకీ లేకపోతే మాత్రం స్టాండ్‌బై అని పేరు పెట్టకుండా అమ్మేయమను, అదీ మీ మార్కెట్లోకే మళ్ళీ రాకుండా తుక్కుకి.

షిఫ్ట్‌సి:
దానితోపాటు ఇది కూడా అడుగు తమ్ముడూ. పాత లైన్ మీదున్నవాళ్ళలో కొత్త లైన్‌కి ఎంతమందిని తీసుకుంటారు, ట్రైనింగ్ ఎప్పుడు మొదలు, మిగతావాళ్ళకి ఫిల్మ్‌ని వెడల్పు ప్రకారం కోసే స్లిట్టింగ్‌లోనో మెయింటెనెన్స్‌లోనో చోటుందా. మెషీన్ వచ్చాక అడిగితే అప్పటికే బయటివాళ్ళని తీసేసుకుని ఉంటారు. మెషీన్ దార్లో ఉండగానే కాగితం మీద రాయించుకోండి.

ఫిల్మ్‌లైన్:
రెండూ చేస్తా. లైన్ల వారీ కరెంటు మీటర్ రీడింగులు మా దగ్గర ఉన్నాయి, స్క్రాప్ లెక్క గ్రేడ్ వారీగా విడగొట్టాలి, దానికి కొంచెం టైం పడుతుంది. మనుషుల లిస్టు మాత్రం మా సూపర్‌వైజర్‌తో కలిసి ఈ వారమే ప్లాంట్ హెడ్‌కి ఇస్తాం. అంకెలు తేలాక, కంపెనీ పేరు లేకుండా, ఇక్కడే పెడతాను.